ఆగి ఆగి వచ్చే బొమ్మ

నాకు ఓపిక తక్కువ. బట్టలు కుట్టేదాన్ని, మిషను ఒక్క నిమిషం మొరాయించినా ఒళ్లు మండుతుంది. అలాంటిది, నెల రోజులుగా కంప్యూటర్లో వీడియో కాల్ చేసినప్పుడల్లా వేరే ఊళ్లో ఉన్న అక్క బొమ్మ ఆగి ఆగి వస్తుంటే ప్రాణం విసిగిపోయింది.

అక్కకు పుట్టుకతోనే వినపడదు. మా ఇద్దరికీ చేతులే మాటలు, చిన్నప్పుడు మేమే కల్పించుకున్నవి. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే నేను. చెవి పట్టుకుంటే అమ్మకు కోపమొచ్చిందని. టైపు చెయ్యమంటే అక్క రాసేది ఒక్కటే: "బాగున్నా." చేతులు కనబడకపోతే మా మధ్య మాటే లేదు.

మెసెంజర్లు మూడు మార్చాను. ఒకదానిలో బొమ్మ పెద్దది, చేతులు కొయ్యబారిపోతాయి. ఇంకోదానిలో బొమ్మ చిన్నది, అయినా అంతే. మూడోది అక్కచేత పెట్టించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. అదీ అదే తంతు.

చివరికి కంప్యూటర్లు బాగుచేసే మా మరిదిని పిలిచాను. అక్క బొమ్మ చూసి నవ్వాడు.

"వదినా, పాపం ఆ ప్రోగ్రాముల్ని ఎందుకు తిడతావు? అక్కడ గది చీకటిగా ఉంది. వెలుతురు చాలకపోతే కెమెరా ఒక్కో బొమ్మకీ ఎక్కువసేపు తీసుకుంటుంది. కర్టెన్ తియ్యమను."

"ఓస్, ఇంతేనా!"

కర్టెన్ తియ్యమని రాశాను. అక్క తల అడ్డంగా ఊపింది. మళ్లీ రాశాను. ఎప్పుడూ లేనిది, కళ్లు మంటలని రాసింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "తీస్తావా, బస్సెక్కి రానా?" అని కొట్టాను.

అక్క కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత లేచి కర్టెన్ లాగింది.

గదినిండా ఎండ. కర్టెన్ అంచు గాలికి ఎగురుతోంది, ఎక్కడా ఆగడం లేదు.

"చూశావా!" అన్నాడు మరిది.

అక్క నన్ను పిలవబోయింది. కుడిచెయ్యి మెల్లగా లేచి, మధ్యలో ఆగి, వణికింది. రెండు వేళ్లు విడివడ్డాయి గానీ మళ్లీ దగ్గరికి రాలేదు. వెనక కర్టెన్ ఎగురుతూనే ఉంది.

నెల రోజులు నెట్‌ను తిట్టాను, ప్రోగ్రాముల్ని తిట్టాను. అక్క చీకట్లో కూర్చుని ఆ తిట్లన్నీ వాటి మీదికే పోనిచ్చింది.

ఎడమచేత్తో అడ్డదిడ్డంగా చెప్పింది: "నీకు ఓపిక తక్కువ కదా. నాతో మాట్లాడ్డం మానేస్తావేమోనని."

ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుని, నా చెయ్యి కూడా అంత మెల్లగానే ఎత్తి అడిగాను: "ఎప్పట్నుంచి?"

కుట్టాల్సిన బట్టలు పక్కకు తోసేసి, అక్క చెప్పడం పూర్తయ్యేదాకా కూర్చున్నాను.