పళ్లెం లేని తరంగం

మైత్రీవనం వెనక సందులో ఒక భవనంలో నడిమి అంతస్తు నాది. కింద జావా నేర్పుతారు, పైన డేటా సైన్సు నేర్పుతారు, మధ్యలో నేను కూచిపూడి నేర్పుతాను. సాయంత్రమైతే మా పిల్లల గజ్జెల చప్పుడుకి పైవాళ్లు విసుక్కుంటారు, వాళ్ల మైకు గోలకి నేను విసుక్కుంటాను. వరలక్ష్మి టీచరు నోరు కాస్త పెద్దదని సందంతా తెలుసు కాబట్టి, చివరికి మైకే తగ్గుతుంది.

నా మోకాళ్లు అరిగిపోయాయి. పంజాగుట్ట ఆసుపత్రిలో డాక్టరుగారు ఎక్స్‌రే చూపించి రెండూ మార్చాల్సిందేనన్నారు. నడక బాగుంటుందట, మెట్లు ఎక్కొచ్చట. మరి తరంగం సంగతేంటని అడిగాను. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, కాళ్లతో దాన్ని జరుపుకుంటూ ఆడటమని వివరించాను. ఆయన నవ్వారు. ఒళ్లు మండింది గానీ, ఆయన మాత్రం ఏం చేస్తారు పాపం.

తరంగం ఆడేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. పళ్లెంతో ముందుకొస్తారు, గిర్రున తిరుగుతారు, జనం చప్పట్లు కొడతారు. మా నాన్నగారు నాకు నేర్పింది వేరు. ముఖం జనం వైపే ఉంచి, వెనక్కి చూడకుండా, పళ్లేన్ని వెనక్కి నడిపి, అర్ధచంద్రంలా తిప్పి, బయలుదేరిన చోటికే చేర్చాలి. ఆయన దగ్గర అది పట్టుబడింది నాకొక్కదానికే. నా దగ్గర పట్టుబడాల్సింది ధాత్రికి. చిన్నప్పటి నుంచీ నా దగ్గరే నేర్చుకుంటోంది, ఇప్పుడు బంజారా హిల్స్‌లో ఉద్యోగం. ముందుకైతే హాయిగా వస్తుంది. వెనక్కి అనేసరికి పళ్లెం కదలదు. మడమలు కదపవే, మడమలు అని నేను అరుస్తాను, అది ఏడుపు ముఖం పెడుతుంది. ఈలోగా ఆపరేషను తేదీ పడింది. నాన్నగారి ఆట నాతోనే ఆగిపోతుందని నాకు బెంగ పట్టుకుంది.

ధాత్రే ఓ దారి వెతికింది. ఒంటినిండా తెల్ల బుడిపెలున్న సూటు వేసుకుని ఆడితే, చుట్టూ ఉన్న కెమెరాలు ఆ బుడిపెల కదలికని పట్టుకుంటాయట. తర్వాత కంప్యూటర్లో ఒక బొమ్మ మన ఆటంతా ఆడి చూపిస్తుందట. ముందు నుంచి, వెనక నుంచి, ఎటు నుంచైనా చూసుకోవచ్చు. అమీర్‌పేటలోనే యానిమేషన్ నేర్పే ఒకచోట ఆ ఏర్పాటు ఉంది. తమ స్టూడెంట్లకు పాఠంగా పనికొస్తుందని వాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు.

ఆ సూటు గురించి ఏం చెప్పమంటారు! నల్లగా, ఒంటికి అతుక్కుని, ఈ వయసులో నాకా వేషం. చున్నీ కప్పుకుంటే బుడిపెలు కనబడవని అదీ తీయించారు. మా ఆయన బుచ్చిబాబుగారు నవ్వాపుకోలేక బయట టీ తాగడానికి వెళ్లిపోయారు. నొప్పికి బిళ్ల వేసుకుని పళ్లెం ఎక్కాను. మోకాళ్లు సలుపుతూనే ఉన్నాయి. అయినా ఆ రోజు బాగా ఆడాను, ఆ సంగతి నాకు తెలుసు. దిగేటప్పుడు ధాత్రి పట్టుకోకపోతే కూలబడేదాన్ని.

పట్టిన కదలికని ఉన్నదున్నట్టు వాడరట, శుభ్రం చేయాలట. ఆ పని డయానా అనే అమ్మాయిది. అక్కడ మిగతా వాళ్లందరికీ పాఠం చెప్పేది ఆమే. నేను ఆడిన రోజు వాళ్ల చర్చిలో ఎవరిదో పెళ్లని రాలేదు. ఆపరేషనుకి ముందు చూసుకుందామని నేనూ ధాత్రీ వెళ్లేసరికి కుర్చీలు వేసి, స్క్రీన్ పెట్టి, చాలా మర్యాద చేసింది.

బూడిదరంగు బొమ్మ లేచి ఆడటం మొదలుపెట్టింది. ముఖం లేదు, చీర లేదు. అయినా ఆ చేతులు నావే, ఆ మెడ వాలు నాదే. కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత తరంగం ఘట్టం వచ్చింది. బొమ్మ నిలబడిన చోటే నిలబడిపోయింది. మోకాళ్లు ఊగుతున్నాయి, నడుము కదులుతోంది, పాదాలు మాత్రం నేలకి మేకులు కొట్టినట్టు ఉన్నాయి. వెనక్కి నడక లేదు, అర్ధచంద్రం లేదు. నా ఆట ఏదమ్మా అని అడిగాను.

"కాళ్లు జారుతున్నయ్ మేడం," అంది డయానా. "షాటంతా జారుడే. కాలు జారితే మా పనిలో అన్నింటికన్నా పెద్ద తప్పు. ఒక్కొక్క ఫ్రేము కూసొని మొత్తం సాఫ్ చేసిన."

ఎంత గర్వంగా చెప్పిందో! ఆమె తప్పేముంది? బుడిపెలు నా ఒంటికి అతికించారు గానీ, పళ్లేనికి అతికించాలని ఎవరికీ తట్టలేదు. కంప్యూటర్లో పళ్లెమే లేదు. ఆమెకి కనబడింది కాళ్లు జారిపోతున్న ఒక ఆడమనిషి. ఇదంతా ఇప్పుడు నింపాదిగా చెబుతున్నాను గానీ, అప్పుడు నోటికొచ్చినట్టు తిట్టాను.

"జారడమే నా ఆటమ్మా! ఆ ఒక్కటీ తీసేసి మిగతాదంతా ఉంచావు!"

అసలుది చూపించమంటే డయానా ముఖం పాలిపోయింది. కంప్యూటర్లో జాగా చాలక, శుభ్రం చేసిందాన్ని అసలు దాని మీదే సేవ్ చేసిందట. ఆ సూటు ఇలా తీసుకురండి, మళ్లీ ఆడతానని లేచాను. ఎడమ మోకాలు మడత పడింది. మళ్లీ కుర్చీలోనే కూలబడ్డాను. అంతే, అయిపోయిందనుకున్నాను.

ధాత్రి మాత్రం స్క్రీన్ వదల్లేదు. బొమ్మని వెనక నుంచి చూపించమంది, కింద నుంచి చూపించమంది, నెమ్మదిగా ఆడించమంది. డయానా ముక్కు తుడుచుకుంటూ అన్నీ చేసింది. కాసేపటికి ధాత్రి నా వైపు తిరిగింది.

"టీచర్, మొదలయ్యేది మడమల్లో కాదు. మీ నడుము ముందే వెనక్కి కూర్చుంటోంది, బరువు ఆ తర్వాత దిగుతోంది. పళ్లెం కదులుతుంటే నేనెప్పుడూ దాన్నే చూశాను, ఇది చూడనే లేదు."

నాన్నగారు మడమలన్నారు, నేనూ మడమలనే అన్నాను. నా నడుము ఏం చేస్తోందో నాకే తెలియదు. డయానాకి చూపిద్దామని తెచ్చిన పళ్లెం సంచిలోనే ఉంది. ధాత్రి దాన్ని టైల్స్ మీద పెట్టి ఎక్కింది. డయానా పరుగున వెళ్లి కుర్చీలు జరిపింది. పళ్లెం ఒకసారి కీచుమంది, ఆగింది, తర్వాత వెనక్కి కదిలింది. కంప్యూటర్ బల్లల మధ్య అర్ధచంద్రం తిరిగి బయలుదేరిన చోటికే వచ్చింది.

సంతోషించాలి కదా? నిజం చెబుతున్నాను, ముందు కడుపు మండింది. కంప్యూటర్లో నేనుంటానని ఆశపడ్డాను. ఉండబోయేది ధాత్రి. ఆ తర్వాత దాన్ని దగ్గరకి లాక్కుని ఏడ్చాను, అదీ నిజమే.

ఆపరేషనైంది. నేను ఆసుపత్రి మంచం మీద ఉండగానే ధాత్రి సూటు వేసుకుని ఆడింది. ఈసారి పళ్లేనికీ బుడిపెలు అతికించారు. డయానా ల్యాప్‌టాప్ పట్టుకుని ధాత్రితో పాటు పంజాగుట్ట వచ్చి, నా పక్కనే స్టూలు మీద కూర్చుంది. ఇప్పుడు నన్ను అడగందే ఒక్క ఫ్రేము కూడా ముట్టుకోదు. బొమ్మ వెనక్కి వచ్చింది, తిరిగింది, చోటికి చేరింది. చూస్తుంటే కడుపు నిండింది.

"గిక్కడ ఒక్కటి అడగాలె మేడం," అంది డయానా. "తిరిగేటప్పుడు ప్రతిసారి ఎడమ భుజం జర కిందికి పడుతుంది. గిది ఆటనా, తప్పా?"

మళ్లీ ఆడించమన్నాను. ధాత్రి మోకాళ్లు చిన్నపిల్ల మోకాళ్లు, దానికి ఏ నొప్పీ లేదు. నాన్నగారి భుజం ఎన్నడూ అలా పడలేదు. ఎడమ మోకాలు సలపడం మొదలైనప్పటి నుంచి, దాని మీద బరువు పడకుండా నేనే అలా వాలేదాన్ని. ఎదురుగా నిలబడి చూసి చూసి అది కూడా ఆటే అనుకుంది ధాత్రి.

"తప్పే," అన్నాను. డయానా చేయి కీబోర్డు మీదికి వెళ్లింది.

"ఆగమ్మా. అది నేను. ఉండనీ."

డయానా చేయి వెనక్కి తీసుకుంది. ధాత్రి తన ఎడమ భుజం వైపు చూసుకుంటోంది.