నాచారం క్యాంపు, నాలుగో రోజు

పంతొమ్మిది వందల అరవై ఏడో సంవత్సరం, ఈస్టరు తరువాతి ఆదివారం. ఆరాధన ముగిశాక మా సంఘం పాస్టరు ఆశీర్వాదం అయ్యగారు ఇంటికొక కాగితం పంచారు. మే నెలలో నాచారంలో పది రోజులు పిల్లల క్యాంపు జరుగుతుందని అందులో అచ్చు వేయించారు. ప్రతి పిల్లా కంచం, గ్లాసు, దుప్పటి, రెండు జతల బట్టలు తెచ్చుకోవాలి. పొద్దున గంజి, మధ్యాహ్నం అన్నం పప్పు, సాయంత్రం ఉడికించిన శనగలు పెడతారు. మొదటి రెండు రోజులు పిల్లలు ఏడుస్తారు, మూడో రోజుకు కుదుటపడతారు, అందుకని పెద్దలెవరూ చూడటానికి రాకూడదు. ఇంట్లో జబ్బో చావో అయితే తప్ప పిల్లను మధ్యలో పంపరు. అన్నిటికంటే కింద ఒక సంగతి ఉంది. ఆఖరి రోజు మెదక్ వైపు ఆడపిల్లల బోర్డింగు నుంచి అమ్మగారు వచ్చి ఇద్దరిని ఎంచుకుంటారు, ఫీజు లేకుండా పదో తరగతి దాకా చదివిస్తారు.

అచ్చు అక్షరాలు నేను సొంతంగా కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని. ఆ కాగితాన్ని రోజూ తీసి చదివేదాన్ని. చదివిన ప్రతిసారీ కింద ఉన్న ఆ సంగతి దగ్గరే కళ్లు ఆగేవి.

తారామణి నా మనవరాలు. దాని తల్లి, నా కూతురు దానమ్మ, కాన్పుకని దవాఖానాకు పోయి తిరిగి రాలేదు. బండి ఎక్కుతూ "పొయ్యి ఆర్పినవా అమ్మా?" అని అడిగింది. ఆ తరువాత దాని గొంతు నేను వినలేదు. అంతకు ముందు నా పెనిమిటి రోడ్డు పనికని ఔరంగాబాదు వైపు పోయాడు. ఆయన పోయేటప్పుడు నేను దొడ్లో ఉన్నాను, ఎదురు కూడా రాలేదు. అక్కడి నుంచి ఎటు పోయాడో, ఉన్నాడో లేడో ఇప్పటికీ తెలియదు. ఉప్పల్‌లో మా ఇంట్లో మిగిలింది ముగ్గురం. నేను, పదకొండేళ్ల తారామణి, చర్లపల్లి రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసే నా అల్లుడు పీటర్.

"పోనియ్యి అత్తా," అన్నాడు పీటర్. "నాచారమే గదా. దేశం దాటి పోతున్నదా ఏంది?"

క్యాథలిక్కుల గుడికి పోయే పక్కింటి లూర్దమ్మ నవ్వింది. "పది దినాలు పట్టి ఉంచుకుంటరా పాపక్కా మీ అయ్యగారు? మా ఫాదరైతే గంటల ఇడిసిపెడ్తడు."

తారామణి మాత్రం కంచం మీద తన పేరు మేకుతో గీసుకుని వారం ముందే సిద్ధంగా కూర్చుంది.

అది పోయిన మూడు రోజులూ నేను ముగ్గురికి సరిపడా అన్నం వండాను. ఉతికిన గౌను మళ్లీ ఉతికాను. నాలుగో రోజు పీటర్ డ్యూటీకి పోగానే పల్లీలు, బెల్లం గుడ్డలో మూట కట్టుకుని బయలుదేరాను. దూరం నుంచి ఒక్కసారి చూసి వస్తానని నాకు నేనే చెప్పుకున్నాను. ఎండ అప్పుడే మండుతోంది. రెండు వైపులా రాళ్లు, తాటిచెట్లు. అక్కడక్కడ కొత్తగా లేస్తున్న కార్ఖానాల గోడలు.

క్యాంపు చుట్టూ ముళ్లకంచె ఉంది. దాని సందులోంచి చూశాను. వేపచెట్టు కింద చిన్నపిల్లలు వరుసగా కూర్చున్నారు. వాళ్ల ముందు నిలబడి తారామణి కీర్తన చెప్పిస్తోంది. అది ఒక మాట అంటే పిల్లలు ఆ మాట అంటున్నారు. ఒక బుడ్డది తప్పు చెబితే తారామణి పొట్ట పట్టుకుని నవ్వింది. నేను దానికి ఎప్పుడూ ఒక జడే వేసేదాన్ని. ఎవరో రెండు జడలు వేసి, రిబ్బన్లతో పైకి మడిచి కట్టారు.

ఏడుస్తూ కనిపించి ఉంటే ఓదార్చి తిరిగి వచ్చేదాన్నని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. అది ఏడవటం లేదు.

క్యాంపు నడిపే అరుణకుమారి టీచరు నన్ను చూసింది. ఆవిడది కాకినాడ వైపు. "పాపమ్మగారూ! రాకూడదని అంత పెద్ద అక్షరాలతో వేయించాం కదండీ," అంటూ నవ్వుతూనే దగ్గరికి వచ్చింది. "వచ్చారు కాబట్టి చెబుతున్నాను. మీ తారామణి మూడు రోజుల్లో పెద్ద కీర్తనంతా అప్పజెప్పేసింది. బోర్డింగు అమ్మగారికి అన్నిటికంటే ముందు దీని పేరే రాశానండి."

పల్లీల మూటను కొంగు కిందికి లాక్కున్నాను.

"పీటర్‌కు దెబ్బ తగిలింది టీచరమ్మా," అన్నాను. "పట్టాల మీద పడ్డడు. దవాఖానాల ఉన్నడు. పిల్లను తోలుకపోను వచ్చిన."

టీచరు వెంటనే గంట కొట్టించింది. అరవై మంది పిల్లలు వచ్చి కాలుతున్న ఇసకలో మోకాళ్ల మీద కూర్చున్నారు. నన్నూ మధ్యలో కూర్చోబెట్టారు. తారామణి నాన్నకు ఏమీ కాకూడదని ఒక్కొక్కరే ప్రార్థన చేశారు. ఎవరూ కళ్లు తెరవలేదు. నేనే తెరిచి చూశాను. చివర టీచరు "ఈ సాయంత్రం శనగలు మానేసి ఉపవాసం ఉందామా?" అని అడిగితే అందరూ "ఉందాం టీచర్" అన్నారు.

దారంతా తారామణి నా ముందు పరుగులాంటి నడకతో నడిచింది. "కాలుకా, చెయ్యికా అమ్మమ్మా? నాయిన మాట్లాడ్తున్నడా?" అని అడుగుతూనే ఉంది. ఎండకు మాట రానట్టు నటించాను. ఇంటికి వచ్చాక దవాఖానాకు ఎప్పుడు పోదామంది. పొద్దు వాలనీ అన్నాను.

పొద్దు వాలాక పీటర్ టిఫిను డబ్బా ఊపుకుంటూ వచ్చాడు. "ఏందే బిడ్డా, గప్పుడే వచ్చినవ్?"

తారామణి ఆయన చేతులు తడిమింది, మోకాళ్లు తడిమింది. తరువాత నా వైపు చూసింది. క్యాంపులో నేనన్నది తారామణి చెబితే విని పీటర్ అరిచాడు. "గిదేం పని అత్తా? మంచిగున్న మనిషిని దవాఖానాల పండబెడ్తవా? రేపు డ్యూటీ దిగినంక నేనే తోలుకపోయి దిగబెడ్త."

అన్నం పెడితే తారామణి ముట్టలేదు. "ఆళ్లు శనగలు తింటలేరు గదా. నేనెట్ల తింట?" అంది.

మరునాడు పొద్దున్నే అరుణకుమారి టీచరు గొడుగు వేసుకుని నడిచి వచ్చింది. నేను లోపలి నుంచి వచ్చేలోపే వాకిట్లో లూర్దమ్మ దొరికింది. పీటర్‌కు ఎలా ఉందని టీచరు ఆమెను అడిగింది.

"పీటరా? ఆరు గొట్టంగనే డ్యూటీకి పాయె. నాలుగు రొట్టెలు కట్టుకపోయిండు. ఆయనకేమైతది, దుక్క లెక్కున్నడు."

టీచరు కళ్లలో నీళ్లు తిరిగాయి. "దేవునికి స్తోత్రం! ఒక్క రాత్రిలోనే లేపి నిలబెట్టాడు పాపమ్మగారూ!" అంటూ నా రెండు చేతులూ పట్టుకుంది. తరువాత తారామణిని దగ్గరికి తీసుకుంది. "పదమ్మా. పిల్లలందరూ నీకోసం కాచుకుని ఉన్నారు. దేవుడు చేసింది నీ నోటితో నువ్వే సాక్ష్యం చెప్పాలి."

మా సంఘంలో అది ఆనవాయితీ. ఎవరి కోసం ప్రార్థన చేశారో వాళ్లు లేచి, జరిగింది అందరికీ చెప్పాలి. చెప్పకుండా కూర్చుంటే దేవుడి మేలు దాచుకున్నట్టు. తారామణి క్యాంపుకు పోతే అరవై మంది ముందు నిలబడి దేవుడి పేరున అబద్ధం చెప్పాలి, లేదా అమ్మమ్మ అబద్ధమాడిందని చెప్పాలి.

అది నా వైపు చూసింది. "అబద్ధమాడిన టీచరమ్మా" అని నేను ఒక్క మాట అంటే చాలు. కొంగు చివర మెలిపెడుతూ నిలబడ్డాను.

"నేను రాను టీచర్," అంది తారామణి.

"అదేంటమ్మా? ఆఖరి రోజు అమ్మగారు వస్తారు. నీ పేరు రాసేశాను కదా?"

"నాకు ఇంటికాడనే మంచిగున్నది."

టీచరు బతిమాలింది, కోప్పడింది, చివరికి గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. సాయంత్రం పీటర్ రమ్మన్నా అదే మాట చెప్పింది. ఎందుకో ఆయనకూ చెప్పలేదు. ఆ రోజు నాకు సంతోషమే అయింది. దాచిపెట్టడం ఎందుకు, నిజంగానే అయింది. మళ్లీ ఒక్క జడ వేశాను. అది కదలకుండా వేయించుకుంది.

బోర్డింగుకు వేరే ఇద్దరు పోయారు. తారామణి మా ఊళ్లో ఏడో తరగతి దాకా చదివి, తరువాత ఒక కార్ఖానాలో డబ్బాలకు కాగితాలు అంటించే పనికి పోయింది. పద్దెనిమిదేళ్లకు అన్నోజిగూడ మేస్త్రీతో పెళ్లి చేశాం. ఆ క్యాంపు గురించి ఒక్కనాడూ నన్ను దెప్పలేదు.

పోయిన శ్రమకాలంలో, ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాసాల రోజుల్లో, అన్నోజిగూడ పోయాను. తారామణి చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. సంఘంలో లేచి నిలబడి నా అబద్ధం చెప్పేస్తానని దానితో అన్నాను.

"ఎవరికి చెప్తవే? ఆ పిల్లలంత ఎక్కడెక్కడున్నరో. టీచరు కాకినాడకు పాయె."

"నీకోసమే బిడ్డా."

"నాకోసమైతే ఆ పొద్దు చెప్పేదుండె," అంది తల ఎత్తకుండానే. గొంతులో కోపం లేదు. "టీచరు నిన్ను నాలుగు మాటలనేది, ఊకునేది. నేను పోతుంటి."

"నువ్వు పోతే ఏడుస్తనని భయమైంది."

చేటలో చెయ్యి ఆగింది.

"ఏడిస్తే ఏడ్సేదానివి," అంది. "నేను ఉత్తరాలు రాస్తుంటి గదా."

బియ్యం గిన్నెలో పోసుకుని కడగటానికి లేచింది.