రిఫాయీకి పోయని కాఫీ

బషందీ స్టవ్‌కి గాలి కొట్టడం సగంలో ఆపేసి మళ్ళీ తలుపు దగ్గరికి నడిచాడు. పొద్దున్నించీ ఇదే వరస. స్టవ్ దగ్గరుంటే సెట్ మీద ఎవరేం మాట్లాడుకుంటున్నారో వినపడదు. తలుపు దగ్గరుంటే కాఫీ పొంగి మంట ఆరిపోతుంది. ఇప్పటికే ఒకసారి ఆరిపోయింది కూడా. ఇన్నేళ్ళుగా ఆ స్టూడియోలో కాఫీ కాస్తున్నవాడి చేతిలో కాఫీ పొంగిందంటే ఆ రోజు మనిషి మనిషిలా లేడన్నమాట.

స్టూడియో అంటే పెద్ద మాటే. గిజా దాటాక పొలాల అంచున ఒకప్పటి గుర్రాలసాల అది. పైన రేకులు. రేకుల మీద పావురాలు వాలి కూస్తే సౌండు పాడవుతుందని షాట్‌కి ముందు ఎవడో ఒకడు బయటికి పోయి రాయి విసరాలి. రాయి పడ్డ చప్పుడుకి పావురాలు లేస్తాయి, ఆ రెక్కల చప్పుడు తగ్గేదాకా మళ్ళీ అందరూ కాచుక్కూచోవాలి. పెద్ద హీరోలెవరూ అటు తొంగి చూడరు.

బషందీ పొడుగు మనిషి, కాస్త ముందుకు వంగి ఉంటాడు. కుడి ముంజేతి మీద స్టవ్ మంట కాల్చిన మచ్చలు నున్నగా మెరుస్తుంటాయి. ఎడమ కంట్లో పువ్వు పడింది. చీలమండల దాకా వేలాడే గలాబియాకి ఎంత ఉతికినా కిరసనాయిలు వాసన పోదు. యాభై దాటి చాలాకాలమైంది, పెళ్ళి మాత్రం చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "మా ఇంట్లో ఒక పని మిగిలిపోయింది, అది కానీ" అనేవాడు. ఆ పనేమిటో ఎవరూ అడగలేదు. కాఫీవాడి ఇంటి సంగతులు ఎవడిక్కావాలి?

ఎవరి కప్పులో చక్కెర ఎంతో అతనికి కంఠతా వచ్చు. దర్శకుడు హిల్మీకి సమపాళ్ళలో వెయ్యాలి. దుస్తులు చూసే దౌలత్‌కి చెంచా నిలబడేంత ఉండాలి. వేషగాడు జకరియ్యాకి చక్కెర వాసన తగిలితే చాలు. అసలు చక్కెరే లేకుండా మాత్రం ఎవరికీ పొయ్యడు. కైరోవాళ్ళు కొందరు అలా కావాలంటారు గానీ, అతనికి అది చావింటి కాఫీ. "అపశకునం మాటలాడకు నాయనా" అని చిటికెడైనా కలిపే ఇచ్చేవాడు.

ఇప్పుడు తీస్తున్నది రెండు వారాల్లో చుట్టేసే సినిమా. దానికింకా పేరైనా పెట్టలేదు. రేవులో మూటలు మోసే సాలిం అనేవాడి మీద కంసాలిని చంపాడని నేరం పడుతుంది. చీకట్లో వాణ్ణి చూశానని ఒక్కడంటే ఒక్కడు సాక్ష్యం చెబుతాడు. ఉరిశిక్ష వేస్తారు. వాడు నిజంగా చంపాడా లేదా అన్నదే కథంతా. జైలు గోడ గుడ్డ మీద గీసిన బొమ్మ. మొన్నటిదాకా అదే గుడ్డకి అటువైపు నైట్‌క్లబ్బు ఉండేది. ఉరిశిక్ష పడ్డ ఖైదీకి తొడగాల్సిన ఎర్ర దుస్తుల్ని దౌలత్ ఆసుపత్రి నీలం పైజమాల్లోంచి కుట్టింది. నలుపు తెలుపు సినిమాలో ఎరుపైనా నీలమైనా ఒకటేనట.

చివర ఏమవుతుందో మాత్రం తేలలేదు. ఆఖరి రోజు వచ్చేసినా తేలలేదు.

కప్పులు పట్టుకుని బషందీ దౌలత్ గదిలోకి వెళ్ళాడు. ఆమె నోటినిండా గుండుసూదులు పెట్టుకుని ఏదో నల్లగుడ్డ అంచు మడుస్తోంది.

"దౌలతమ్మా, ఇంతకీ వాడు చంపాడా, లేదా?"

"ఎవడు?"

"సాలిం."

దౌలత్ సూదులు ఒక్కొక్కటే తీసి జాకెట్టుకి గుచ్చుకుంది. "నీకేం పట్టింది బాబాయ్! రెండు వారాల్నించీ చెవిలో జోరీగలా ఇదే పోరు. కెమెరావాణ్ణి అడిగావు, గోడలకి రంగేసేవాణ్ణి అడిగావు, నిన్న ఆ గేటు కాపలావాణ్ణి కూడా అడిగావట. వాడేమన్నా నీ తోడబుట్టినవాడా?"

బషందీ కప్పు కింద పెట్టాడు. నాలుగు చుక్కలు పళ్ళెంలో ఒలికాయి.

"ఒట్టి కథ బాబాయ్" అంది దౌలత్ కాస్త మెత్తబడి. "ఎందుకంత మనసుకు పట్టించుకుంటావు?"

తోడబుట్టినవాడు ఉండేవాడు. పేరు రిఫాయీ. ముప్పై ఏళ్ళ పైమాట. దక్షిణాదిన కెనా దగ్గర వాళ్ళ ఊళ్ళో పత్తి కొట్టు కావలివాణ్ణి ఒక రాత్రి ఎవరో పొడిచి చంపారు. తెల్లవారుజామున రిఫాయీ ఇంటికొచ్చి తమ్ముడి పక్కన చాప మీద పడుకున్నాడు. మోకాళ్ళ దాకా గలాబియా తడిసి ఉంది. ఆ తడి తగిలే బషందీకి మెలకువ వచ్చింది. మన వంతు కాకపోయినా కాలవకి గండి కొట్టి చేనుకి నీళ్ళు పెట్టుకొచ్చానని కోర్టులో చెప్పాడు రిఫాయీ. నీళ్ళ దొంగతనం చూశామని చెప్పడానికి ఊళ్ళో ఒక్కడూ రాలేదు. చూస్తూ ఊరుకున్నందుకు వాళ్ళకీ తగులుకుంటుంది కదా. ఉరి తీసేశారు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. మనిషిని ఎవరైనా చంపితే, చంపినవాడి మీద ఆ రక్తబాకీ తీర్చుకునేదాకా పోయినవాడి ఇంటివాళ్ళు పరామర్శ పుచ్చుకోరు. కుర్చీలు వెయ్యరు, ఖురాన్ చదివించరు, చేదు కాఫీ పొయ్యరు. రిఫాయీ పోయిన రోజున ఊరి పెద్దలు వచ్చి గడపలో నిలబడ్డారు. తండ్రి లోపలికి రానివ్వలేదు. "నా కొడుకు ఏ పాపం ఎరగడు. అసలు హంతకుడు దొరికిన రోజున పోస్తా కాఫీ. ఇవాళ పోశానంటే, వాడే చేశాడని నా నోటితో నేను ఒప్పుకున్నట్టే" అన్నాడు. అసలు హంతకుడు దొరకలేదు. ఉన్నాడో లేడో కూడా తెలియదు. తండ్రి ఆ మాట మీదే పోయాడు. తల్లి పోయేముందు బషందీ చెయ్యి పట్టుకుని, "నా బిడ్డ కోసం ఒక్కరు, ఒక్కరు కూడా నా చెయ్యి పట్టుకోలేదురా" అంది. తల్లిని మట్టిలో పెట్టి కైరో వచ్చేసినవాడు మళ్ళీ ఊరి మొహం చూడలేదు. అన్నకి కాఫీ పొయ్యని తమ్ముడు ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? పోద్దామంటే తండ్రి మాట అడ్డం. మానేద్దామంటే తల్లి మాట నిద్రపోనివ్వదు. ఇక ఆ తడి ఒకటి. ఆ తడి కాలవలో దిగినందుకా, రక్తం కడుక్కున్నందుకా? ముప్పై ఏళ్ళుగా ఆ తడి అతని ఒంటికి అంటుకునే ఉంది.

అందుకే సాలిం సంగతి తేలాలి. కథలోనైనా సరే, ఎవడో ఒకడు తేల్చి చెప్పాలి. సినిమాకీ తన అన్నకీ ఏం సంబంధమయ్యా అని ఎవరైనా అడగొచ్చు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికితే అది ఏ గడ్డని అడుగుతాడా?

హిల్మీ గోడ బొమ్మ కింద నిలబడి సిగరెట్టు వెలిగిస్తున్నాడు. పక్కనే సాలిం వేషానికి కుట్టిన నీలం దుస్తుల్లో జకరియ్యా బీరుపెట్టె మీద కూచుని ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా దొంగలూ తాగుబోతులూ ఖైదీల వేషాలు వేసి వేసి మొహమంతా గీతలు పడిన మనిషి.

"ఉస్తాద్, ఏమనుకున్నారు?" అన్నాడు బషందీ కప్పు అందిస్తూ.

"దేని గురించి? ఓహో, నీ సాలిం గురించా!" హిల్మీ నవ్వాడు. "నిర్మాతేమో చంపాడనే తియ్యమంటాడు. కోర్టు తప్పు చేసిందని చూపిస్తే సెన్సారువాళ్ళు కత్తెర పట్టుకుని కూచుంటారని ఆయన భయం. నాకేమో చంపలేదని తియ్యాలని ఉండేది. రాత్రంతా కొట్టుకున్నాం. చివరికి రెండూ వద్దనుకున్నాం. జైలు మీద నల్లజెండా ఎక్కుతుంది, సినిమా అయిపోతుంది. చూసినవాళ్ళే తేల్చుకుంటారు."

"అంటే... మీకు కూడా తెలీదా?"

"తెలీదు."

"రాసిందే మీరు కదా!"

"రాస్తే మటుకు? ఆ రాత్రి వాడు ఎక్కడున్నాడో వాడికి తెలుసు, అల్లాకి తెలుసు. నాకేం తెలుసు బాబాయ్?"

బషందీకి ఒళ్ళు మండిపోయింది. పళ్ళెం వాళ్ళ నెత్తిన విసిరికొట్టాలనిపించింది. రెండు వారాలు కాలుగాలిన పిల్లిలా తిరిగినందుకు దొరికిన జవాబు ఇదా! ఇంత చదువుకున్న మనుషులు, కాగితం మీద ఏం రాస్తే అది జరిగే మనుషులు, ఒక్క మాట చెప్పలేకపోయారు. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాడో లేదో హిల్మీ మళ్ళీ పిలిచాడు.

"బాబాయ్, ఒక సాయం చెయ్యాలి. తాళ్ళు లాగేవాడు పొద్దున్నే అలిగి పోయాడు. నువ్వైతే పొడుగ్గా ఉన్నావు. మేం చెప్పగానే ఆ తాడు లాగు, జెండా పైకెక్కాలి. అంతే. ఫిల్ము ఒక్కసారికే ఉంది, తేడా వస్తే మాత్రం నిజంగానే నన్ను ఉరి తీస్తారు."

ఉరితీత చూపించడానికి డబ్బూ లేదు, అనుమతీ లేదు. జైలు మీద నల్లజెండా ఎక్కితే చాలు, చూసేవాళ్ళకి అర్థమవుతుంది. దౌలత్ పొద్దున్నించీ అంచు మడిచింది ఆ జెండాకే. అది ఆమె పాత ముసుగు.

గుడ్డగోడ వెనక తాడు పట్టుకుని నిలబడ్డాడు బషందీ. బయట ఎవడో రాయి విసిరాడు. పావురాలు లేచాయి. రెక్కల చప్పుడు తగ్గింది. అంతా సద్దుమణిగింది.

"లాగు."

లాగాడు. నల్లగుడ్డ కదిలి పైకి పాకింది. ఆ రోజు కెనా జైలు బయట తల్లి పక్కన ఇలాగే తలెత్తి చూశాడు. జెండా గుంజ కనబడుతోంది, జెండా లేదు. ఇంకా లేదు, ఇంకా లేదు అని తల్లి గొణుగుతోంది, ఆగిపోయిందేమో అని ఆశపడుతోంది. తరవాత అది ఎక్కింది. బషందీ చేతులు ఆగిపోయాయి. జెండా గుంజకి సగంలో నిలిచిపోయింది. లాగకపోతే సాలిం బతికే ఉంటాడు. ఈ తాడు ఇలాగే పట్టుకుని నిలబడితే ఎవరూ చావరు. హిల్మీ చేతులు పిచ్చిగా ఊపుతున్నాడు. బీరుపెట్టె మీంచి జకరియ్యా అతన్నే చూస్తున్నాడు.

బషందీ కళ్ళు మూసుకుని మిగతాది లాగేశాడు.

"కట్!" హిల్మీ ఎగిరి గంతేశాడు. "సగంలో ఆపావే, అదీ! నేను కూడా అనుకోలేదు. ప్రాణం ఉందయ్యా ఆ షాట్‌లో!"

ప్రాణమట! వాళ్ళ సినిమాలు తగలెయ్య.

అందరూ చప్పట్లు కొట్టి కాఫీ అన్నారు. బషందీ తన గదిలోకి వెళ్ళి స్టవ్ వెలిగించాడు. ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసి కాఫీపొడి వేశాడు. అలవాటు కొద్దీ చెయ్యి చక్కెర డబ్బా మీదికి వెళ్ళింది. మూత తీశాడు. చెంచా ముంచాడు. అలాగే నిలబడిపోయాడు.

చేశాడో, చెయ్యలేదో. తెలియకుండానే అన్న పోయాడు. తెలియకపోయినా పోయాడు కదా! పోయినవాడికి ఏడవడానికి కోర్టు తీర్పెందుకు?

చెంచాలో చక్కెర మళ్ళీ డబ్బాలోకి ఒంపేశాడు. మూత బిగించాడు. చెంచా తుడిచి దాని మీద బోర్లించాడు.

పళ్ళెం నిండా కప్పులు పట్టుకెళ్ళి అందరికీ ఇచ్చాడు. ఇచ్చాక ఎప్పటిలా వెళ్ళిపోలేదు. తలపాగా సర్దుకుని, తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

దౌలత్ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "అబ్బా, విషం! ఏంటి బాబాయ్, చక్కెర కరువొచ్చిందా?"

"నాదీ అంతే" అన్నాడు హిల్మీ. "ఏమయ్యా, ఎవరైనా పోయారా ఏం?" అని నవ్వాడు.

"మా అన్న" అన్నాడు బషందీ.

హిల్మీ నవ్వు మొహం మీదే ఉండిపోయింది. "అయ్యో! ఎప్పుడు?"

"ముప్పై ఏళ్ళయింది. ఉరి తీశారు. ఇవాళే కాఫీ పోస్తున్నా."

దౌలత్ చేతిలో కప్పు గాల్లోనే ఆగింది. పొద్దున తనన్న మాట గుర్తొచ్చి కాబోలు, ముసుగు కొంగుతో నోరు మూసుకుంది.

"ఆయన..." హిల్మీ చేతిలో కప్పులోకి చూశాడు. "ఆయన చేశాడా బాబాయ్?"

"తెలీదు ఉస్తాద్. నాకు కూడా తెలీదు."

ముందుగా లేచింది జకరియ్యా. ఆ నీలం దుస్తుల్లోనే, కప్పు అడుగుదాకా తాగి, పళ్ళెంలో పెట్టాడు. మామూలుగా కాఫీ తాగినవాళ్ళు 'ఎప్పుడూ ఇలాగే పొయ్యాలి' అని దీవిస్తారు. చావింట్లో ఆ మాట అనరు. అతనూ అనలేదు. వచ్చి బషందీ చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఆయన మిగిల్చిన ఆయుష్షు నీకు చేరాలి బాబాయ్."

"నీ ఆయుష్షు నిలవాలి బాబూ" అన్నాడు బషందీ. ఆ జవాబు అతనికి చిన్నప్పటినించీ వచ్చు. ఇంతవరకూ అనే అవకాశమే రాలేదు. పువ్వు పడిన కంట్లోంచీ, మంచి కంట్లోంచీ ఒకేలా నీళ్ళు కారాయి.

తరవాత దౌలత్ వచ్చింది. కెమెరావాడు వచ్చాడు. గోడలకి రంగేసేవాడు చేతులకి రంగు ఉందని వెనకాడితే, బషందీయే ఆ రంగు చెయ్యి పట్టుకున్నాడు. అందరికంటే చివర హిల్మీ వచ్చాడు. చేదు కాఫీ మొత్తం తాగే వచ్చాడు. అందరూ అన్న మాటే అన్నాడు.

సాయంత్రం బషందీ కప్పులు కడిగి బోర్లించాడు. స్టవ్‌లోంచి గాలి తీసేశాడు. ఉతికిన గలాబియా తొడుక్కుని, బట్టలు మూట కట్టుకుని బయటికొచ్చేసరికి దౌలత్ గేటు దగ్గర ఎదురుపడింది.

"ఎక్కడికి బాబాయ్?"

"ఊరికి. రాత్రి బండికి పోతా. అమ్మ సమాధి దగ్గర కూచుని చెప్పాలి, ఇంతమంది వచ్చారని."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"చూద్దాం, అల్లా దయ" అని నడిచాడు. వంగిన నడుము కాస్త నిటారుగా కనబడిందని దౌలత్ తరవాత అందరితో చెప్పింది.

మర్నాడు గుడ్డగోడ విప్పడానికి వచ్చినవాళ్ళు కాఫీ తామే కాచుకుందామని ఆ గదిలోకి వెళ్ళారు. అంతా సర్ది ఉంది. అరుగు మీద చక్కెర డబ్బా, బిగించిన మూత మీద బోర్లించిన చెంచా, లోపలికి దారి దొరక్క దాని చుట్టూ తిరుగుతున్న చీమలు.