ధనశ్రీ తల మీద ఒట్టు

వెంకటరావమ్మ ఫోన్లో ఏడుగురు ఆడపిల్లల పేర్లున్నాయి. ఆరు పేర్ల పక్కన టిక్కు పడింది. ఏడో పేరు ధనశ్రీ. దాని పక్కన ఖాళీగా ఉంది. శుక్రవారంతో ఆ పిల్లకు పదిహేనేళ్లు నిండుతాయి. నిండితే లిస్టులోంచి ఆ పేరు తనంతట తనే పోతుంది.

వెంకటరావమ్మ ఆ ఊరికి పంతొమ్మిదేళ్లుగా ఆశా కార్యకర్త. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ రాకుండా ప్రభుత్వం ఇప్పుడు ఒక సూది వేయిస్తోంది. పద్నాలుగు నిండి పదిహేను నిండని ఆడపిల్లలకు ఒకే ఒక్క డోసు, మండలంలోని పీహెచ్‌సీలో, ఉచితంగా. చెప్పడానికి నాలుగు ముక్కలే. కానీ ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి నెలరోజులుగా ఆమె కాళ్లరిగేలా తిరిగింది. ఈలోగా కళ్లజోడు పెట్టుకున్న మనిషెవడో ఫోన్ వీడియోల్లోకి దిగబడి, ఆ సూది వేస్తే పిల్లలు పుట్టరని చెప్పాడు. వాడికి ఊరూ పేరూ లేదు. అయినా ఇంటింటి పురుళ్లకూ తోడు వెళ్లిన వెంకటరావమ్మ మాట కంటే వాడి మాటకే విలువెక్కువ. బతిమాలి, తిట్టించుకుని, మళ్లీ బతిమాలి ఆరిళ్లను ఒప్పించింది.

ఏడో ఇల్లు కోటేష్‌ది. మిగతా ఆరూ ఒక ఎత్తు, ఆ ఒక్కటీ ఒక ఎత్తు. ఆ పిల్లకు సూది వేయించకపోతే తను ఈ ఉద్యోగం చేసి ఏం ప్రయోజనం అని ఆమె రోజూ అనుకుంటూనే ఉంది.

మంగళవారం పొద్దున్నే ఆటో మాట్లాడి, ఆరుగురినీ ఎక్కించి, కోటేష్ కల్లం దగ్గర ఆపించింది. మిరపకాయలు నేలంతా ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. పదిమంది ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయల్ని ఏరి పక్కన పోస్తున్నారు. వాళ్లలో ధనశ్రీ కూడా ఉంది. కోతల రోజుల్లో తొమ్మిదో తరగతి పిల్లను బడికి పంపడం ఆ ఊళ్లో దండగ కింద లెక్క. కోటేష్ టిక్కీ గోతంలో కాయలు నింపి కాళ్లతో తొక్కుతున్నాడు.

"కోటేషూ, ఆటో వచ్చింది. పిల్లను పంపించు. ఇదిగో, ఈ కాగితం మీద సంతకం పెట్టు" అంది.

కోటేష్ తల్లి వంక చూశాడు. ఆ ఇంట్లో కాగితాల మీద సంతకం కోటేష్‌ది, నిర్ణయం పిచ్చమ్మది.

పిచ్చమ్మ చేతిలో తాలుకాయ కింద పడేసింది. "మా ఇంటావంటా లేని రోగానికి మాకు సూదెందుకే? నా కోడలంటే కడుపులో గడ్డ లేచి పోయింది. దాని రాత. అంతేగాని ఇట్టాంటి పాడు రోగాలు మా ఇంట్లో ఎవరికొచ్చినయ్?"

ఏరుతున్న చేతులన్నీ ఆగాయి. ధనశ్రీ తలెత్తి వెంకటరావమ్మ కళ్లలోకి సూటిగా చూసింది.

వెంకటరావమ్మ నోటిదాకా ఒక పేరు వచ్చింది. శివపార్వతి. పిచ్చమ్మ కోడలు, కోటేష్ పెళ్లాం, ఆ పిల్ల తల్లి. రెండేళ్ల కిందట పోయింది. పోయింది గడ్డతో కాదు, ఈ రోగంతోనే.

ఆ సంగతి ఊళ్లో వెంకటరావమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. గుంటూరు పెద్దాసుపత్రికి ఎన్నిసార్లు వెళ్లినా తోడు తనే వెళ్లింది. కోటేష్‌కు చేను వదిలి రావడం కుదిరేది కాదు. వచ్చినా బయట చెట్టు కింద కూర్చునేవాడు. ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి మగవాడు వెళ్లడమేమిటని సిగ్గు. గర్భసంచిలో గడ్డ అని ఇంట్లో చెప్పమంది శివపార్వతే. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం, మంచం మీద తన పక్కనే పడుకుని నిద్రపోతున్న కూతురి తల మీద వెంకటరావమ్మ చెయ్యి తీసి పెట్టింది.

"ఇది ఫలానా రోగమని నీ నోటెంట రానీయనని దీని తల మీద ఒట్టెయ్యి వదినా. తిరుగుబోతుదానికే వస్తదంటారు ఈ రోగం. రేపు నా పిల్లని ఆ మాట అంటారు."

వెంకటరావమ్మ ఒట్టేసింది. చిన్నప్పుడైతే తొందరపడి వేసిన ఒట్టును తీసి గట్టు మీద పెట్టేవాళ్లు, అంతటితో తీరిపోయేది. ఇది అలాంటిది కాదు. తప్పితే తగిలేది ఆ పిల్లకే. కోటప్పకొండ తిరునాళ్లలో మొక్కు మర్చిపోతేనే నాలుగు రోజులు నిద్రపోని మనిషి ఆమె.

ఒట్టు ఒక్కటే అయితే ఏమయ్యేదో. దాని కింద ఇంకొకటుంది. అది ఒట్టేయించుకున్న మనిషికీ, తనకూ తప్ప తెలియదు. శివపార్వతి మొదట వచ్చి చెప్పుకున్నది తనకే. పోవడానికి ఏడాది ముందు మాఘంలో, ఇదే కల్లంలో, తాలుకాయలు ఏరుతూ గుసగుసగా చెప్పింది. తెల్లబట్ట ఎక్కువగా అవుతోందని, నెల మధ్యలో కూడా ఎరుపు కనిపిస్తోందని. "ఎండలో కూర్చుంటున్నావుగా, వేడి చేసిందిలే. మజ్జిగ తాగు, సబ్జా గింజలు నానేసుకో" అంది వెంకటరావమ్మ. తన తల్లి తనకు అదే చెప్పింది, తల్లికి ఆమె తల్లి. ఎనిమిది నెలలు శివపార్వతి మజ్జిగ తాగింది. గుంటూరు వెళ్లేసరికి డాక్టరమ్మ, ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా అని అడిగింది. ఇద్దరూ తలలు వంచుకున్నారు.

"చెప్పవేం?" అంది పిచ్చమ్మ.

"ఇది ఇంటినిబట్టి వచ్చేది కాదు పిన్నీ. ఏ ఆడదానికైనా రావచ్చు" అంది వెంకటరావమ్మ. ట్రైనింగులో నేర్పిన మాట. నిజమే, కానీ నిజమంతా అది కాదు.

"ఏ ఆడదానికైనా అంటే ఎవరికే? ఈ ఊళ్లో వచ్చినోళ్ల పేరు ఒక్కటి చెప్పు. ఒక్కటంటే ఒక్కటి. ఇప్పుడే ఆటో ఎక్కిస్తా."

ధనశ్రీ ఇంకా అలాగే చూస్తోంది. వెంకటరావమ్మ ఒట్టేసిన కుడిచేతిని కొంగులో చుట్టుకుంది.

"అట్టా పేర్లు చెప్పకూడదు పిన్నీ, మాకు రూలు" అంది.

ఆడవాళ్లలో ఎవరో నవ్వారు. "పేరుంటేగా చెప్పడానికి" అని ఇంకెవరో అన్నారు. ఆ మాటకు వాళ్లలోనే కూర్చుని ఉన్న అఖిల తల్లి లేచి ఆటో దగ్గరికి వెళ్లింది. "మాదాన్ని కూడా దింపెయ్ వదినా. మిగతావాళ్లకేమవుద్దో చూసి అప్పుడు చూద్దాం" అని కూతురి చెయ్యి పట్టుకుని దింపేసుకుంది. ఆరు పేర్లలో ఒకటి అలా పోయింది.

ఆటో కదిలింది. ధనశ్రీ తల దించుకుని తాలుకాయలు ఏరుకుంటోంది.

పీహెచ్‌సీలో ఐదుగురికీ సూదులు పడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు. అరగంట కూర్చోబెట్టి పంపించారు. నర్సు షమీమ్ లిస్టు చూసి, "ఈ ధనశ్రీ ఏది వెంకటరావమ్మ గారూ?" అని అడిగింది. వెంకటరావమ్మ చెప్పింది విని, "గురువారం సాయంత్రం నాలుగింటి వరకు డాక్టరు గారుంటారు. అప్పటిలోగా తీసుకురండి. శుక్రవారమైతే యాప్ పేరే తీసుకోదు" అంది.

"గుంటూరులో బయట కొని వేయిద్దామన్నా..."

"వేస్తారు. అక్కడా తండ్రి సంతకమే కావాలిగా."

బుధవారం సాయంత్రం వెంకటరావమ్మ కోటేష్‌ను వెతుక్కుంటూ చేనికి వెళ్లింది. ఆఖరి తడికి మోటారు వేసి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒంటరిగా ఉన్నాడు. ఇంతకంటే మంచి అదను దొరకదు. దారి పొడుగునా ఆమె దేవుడితో ఒకటే మాట చెప్పుకుంటూ వచ్చింది, ఒట్టు తప్పేది నేను, ఏదైనా చేస్తే నన్ను చెయ్యి, పిల్లను కాదు అని.

గట్టు మీద కూర్చుని చెప్పేసింది. శివపార్వతిది గడ్డ కాదని, ఈ సూది ఆ రోగానికేనని, అది తిరుగుబోతులకు వచ్చేది కాదని, కాపురం చేసుకునే ఏ ఇల్లాలికైనా రావచ్చని.

కోటేష్ కాలితో కాలవలోని మట్టిగడ్డను పక్కకు తోశాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"అది మొదట ఎవరికి చెప్పుకుందక్కా?"

అబద్ధం చెప్పొచ్చు. పంతొమ్మిదేళ్లలో ఎన్ని రిజిస్టర్లలో ఎన్ని రాయలేదు. కానీ ఆ వేళ ఆమెకు అబద్ధం చెప్పే ఓపిక లేదు.

"నాకే."

"ఎప్పుడు?"

"మాఘంలో. కల్లంలో."

"గుంటూరు ఎప్పుడు తీసుకుపోయావు?"

"దసరా అయ్యాక."

అతను వేళ్లు ముడవలేదు గానీ నెలలు లెక్కపెట్టుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. "మధ్యలో ఏం చేశావు?"

"వేడి చేసిందనుకున్నా. మజ్జిగ తాగమన్నా."

కోటేష్ లేచి పంచె దులుపుకున్నాడు.

"రోజూ పొద్దున్నే చెంబుడు తాగేది. వేడి తగ్గుతుందంట, వదిన చెప్పింది అనేది. నేనే చిలికి ఇచ్చిన రోజులు కూడా ఉన్నయ్." తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "మజ్జిగ నీ మాట మీదే తాగింది. ఇప్పుడు సూది కూడా నీ మాట మీదే పొడిపించుకోవాలా నా బిడ్డ?"

"వేసేది నేను కాదు కోటేషూ. డాక్టరు గారు. నన్ను నరుకు, కానీ పిల్లను..."

"ఎవరు వేసినా సరే, నీ చేతి మీదుగా వచ్చేదేదీ మా ఇంట్లోకి వద్దు. మా గడప తొక్కబాక."

అతను వెళ్లిపోయాడు. నిజం చెప్తే పని అవుతుందనుకుంది. నిజం చెప్పబట్టే పని కాలేదు. చీకటి పడేదాకా వెంకటరావమ్మ ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చింది.

గురువారం షమీమ్ రెండుసార్లు ఫోన్ చేసింది. రెండోసారి నాలుగింటికి పది నిమిషాలుందనగా చేసింది. వెంకటరావమ్మ తీయలేదు. నాలుగైంది. నాలుగున్నర కూడా అయింది.

శుక్రవారం పొద్దున గుమ్మంలో అలికిడైతే చూసింది. ధనశ్రీ. యూనిఫాం కాకుండా గులాబీరంగు చుడీదార్ వేసుకుంది. చేతిలో చాక్లెట్ల ప్యాకెట్.

"నా బర్త్‌డే అత్తా, ఇవాళ ఒక్కరోజు బడికెళ్తున్నా. తీసుకో." ఒక చాక్లెట్ ఆమె చేతిలో పెట్టింది. "నేనొచ్చానని నాన్నతో అనబాక. నిన్నట్నించి అన్నం తినట్లేదు."

వెంకటరావమ్మ ఆశీర్వదించడానికి చెయ్యెత్తి, ఆ తల మీద పెట్టలేక దించేసుకుంది.

"మంగళవారం కల్లంలో చెప్తావనుకున్నా" అంది ధనశ్రీ.

"ఏం చెప్తాననుకున్నావు తల్లీ?"

"అమ్మ పేరు."

వెంకటరావమ్మ వీధి వంక చూసి, పిల్లను గుమ్మం లోపలికి లాక్కుంది.

"అమ్మ ఫైల్లో ఇంగ్లీషులో రాసుంది. నేను ఏడో తరగతిలోనే చదివా. స్కూల్లో సైన్సు మేడమ్‌ని అడిగితే అదేం రోగమో చెప్పింది. ఆ తర్వాత నానమ్మ ఆ ఫైలు పొయ్యిలో పెట్టేసింది."

"మరి నువ్వే చెప్పకపోయావా అమ్మా? నువ్వు చెప్తే మీ నాన్న..."

"ఫైలు లేదుగా, ఎవరు చెప్పారే అంటే నీ పేరే వచ్చేది. నువ్వు ఒట్టు తప్పినట్టయ్యేది. నువ్వు మొదలుపెడితే నేను అందుకుందామని చూస్తా కూర్చున్నా." పిల్ల గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

"ఒట్టు సంగతి నీకెట్టా తెలుసు?"

"ఆ రోజు నేను నిద్రపోలేదత్తా. కళ్లు మూసుకున్నా, అంతే."

వీధి చివర స్కూలు ఆటో హారన్ కొట్టింది. ధనశ్రీ బ్యాగు భుజానికి వేసుకుని రెండడుగులు వేసి ఆగింది.

"నా తలేగా అత్తా. నన్నొక్క మాట అడిగితే, నేనే తీసి గట్టు మీద పెట్టేసేదాన్ని."