నిమ్మమొక్కకు ఉగ్గు

బిడ్డకు పేరు పెట్టిన రోజున ఆదోని సంత నుంచి తెచ్చి నాటిన నిమ్మమొక్క ఆకులు పసుపు తిరిగేసరికి మద్దమ్మ గుండెల్లో రాయి పడింది. మొక్కకేమైనా అయితే బిడ్డకూ అవుతుందేమోనని ఆమె బెంగ.

"దిబ్బ ఎరువు కుండలో నానేసి ఆ నీళ్ళు పొయ్యి. వారానికి తేరుకుంటాది," అంది అత్త హనుమంతమ్మ.

నాలుగు రోజులకు నీళ్ళు కషాయం రంగుకు తిరిగాయి. అన్నీ ఒక్కసారే పోస్తే అరగదేమోనని మద్దమ్మకు ఇంకో భయం. మూలన పడేసిన సొట్ట ఉగ్గుగిన్నె వెతికి తెచ్చి, కొలిచి మూడు గిన్నెలు పోసి, కాండాన్ని మెల్లగా తడుతూ కూర్చుంది.

"ఏం సేస్తాండావే?"

"తాగినాక తేన్పు రావల్ల కదత్తా."

"వచ్చినాదా?"

"ఇంగా లేదు."

"జోల కూడా పాడు, నిద్రపోతాది. నా కొడుకు కూటికి ఎదురుసూస్తా కూసున్నాడు, వానికెవురు పోస్తారు ఉగ్గు?" అంటూ హనుమంతమ్మ కుండెత్తి నీళ్ళన్నీ మొక్క మొదట్లో కుమ్మరించేసింది.

ఆ వారమంతా మద్దమ్మకు కూడు సహించలేదు. బిడ్డ తుమ్మితే మొక్క దగ్గరికి, మొక్క ఊగితే బిడ్డ దగ్గరికి పరుగెత్తింది.

ఎనిమిదోనాడు పొద్దున లేత చిగురు కనిపించింది. దిష్టి చుక్క పెడదామని లోపలికి పోతే గూట్లో కాటుక భరిణె లేదు. తిరిగొచ్చి వంగి చూస్తే చిగురు కింది ఆకు మీద అప్పటికే నల్లటి చుక్క ఉంది.

"నన్ను సూడద్దు," అంది హనుమంతమ్మ, నల్లబడిన వేలు కొంగులో దాచుకుంటూ. "నీ బిడ్డే పెట్టినాడేమో."