ఊక కింద తడి

సావిత్రి గుప్పెడు ఊక తీసి జొన్నమొక్క మొదలు చుట్టూ పరిచింది. కుండీలో మన్ను ఎక్కడా కనిపించకూడదు. కనిపిస్తే తడి ఎండకు ఎగిరిపోతుందని, అప్పుడు మొక్క ఎంత తాగిందో తెలియదని సారు చెప్పాడు. ఈ వరుసకు నీళ్లు బందు. ఏ మొక్క ఎంతకాలం తట్టుకుంటుందో చూడటమే ఈ పరిశోధన కేంద్రంలో పని.

నిన్న సాయంత్రం సారు ఊక తొలగించి వేలు గుచ్చాడు. వేలికి బురద అంటింది.

“ఎవరో నీళ్లు పోస్తున్నారు. ఉండేది మీరిద్దరే. రేపు సాయంత్రానికి ఎవరో తేలకపోతే ఇద్దరూ రావద్దు.”

రెండో మనిషి సోమక్క. తొర్రూరు వైపు నుంచి వస్తుంది. భర్త లేడు. మొక్కలతో మాట్లాడుతుంది. “నోరెండిందా తల్లీ?” అని ఆకు నిమురుతుంది. మొదట్లో సావిత్రికి నవ్వొచ్చేది. పొద్దుటినుంచి ఆ మాటే ముల్లులా గుచ్చుతోంది.

ఏడో తరగతిలో బడి మాన్పించి సావిత్రికి పెళ్లి చేశారు. భర్త మొగిలి కేసముద్రం మార్కెట్లో బస్తాలు మోస్తాడు. ఈ కరువులో బస్తాలే రావడం లేదు. మొదటి బిడ్డ వాంతులు, విరేచనాలతో దవాఖాన వరండాలోనే పోయింది. రెండోది అదుగో, పందిరి గుంజలకు కట్టిన చీర ఊయలలో. చేతిపని ఆగినప్పుడల్లా పిల్ల పొట్ట ఎగసిపడుతోందా అని చూసుకుంటుంది.

“ఏందే, దొంగను చూసినట్టు చూస్తానవు?” సోమక్క నవ్వింది.

“ఏం లేదక్కా.”

“పొల్ల పండుకున్నది, జర ఇంత తిను. మేత లేని బర్రే పాలియ్యకపాయె, నీకెట్ల వస్తయే?”

సావిత్రి సద్దిగిన్నె తెరిచింది. రెండు ముద్దలు తిని మూత పెట్టేసింది.

మధ్యాహ్నం సోమక్క ఆ వరుస వెనకనుంచి వచ్చింది. మోచేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. సావిత్రి పిల్లను చంకనేసుకుని నేరుగా సారు గదికి నడిచింది.

సారు వచ్చి సోమక్కను అడిగాడు. “చేతులకు ఆ తడేమిటి?”

“పొల్ల గుడ్డలు పిండిన సారూ.”

“బాగుంది కథ.”

సోమక్క సావిత్రి వైపు తిరిగింది. “నువ్వన్న చెప్పు బిడ్డా, రోజూ నేనే ఉతుకుతాన గదా?”

ఉతుకుతుంది. సావిత్రికి తెలుసు. ఔనంటే సారు మళ్లీ ఇద్దరినీ రావద్దంటాడు. పిల్ల సోమక్క కొంగు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

“నాకెరుక లేదు సారూ.”

“నువ్విక రావద్దు,” అన్నాడు సారు సోమక్కతో. ఆమె పిల్ల నోట్లోంచి తన కొంగు మెల్లగా లాగి, కాళ్లకు చెప్పులు తొడుక్కుని గేటు దాటింది.

సావిత్రి మళ్లీ వరుస దగ్గర కూర్చుంది. మెడ మీద చుక్క పడింది. తలెత్తింది. కుండీల మీది పందిరి తీగకు, దుమ్ము తగలని నీడలో, పిల్ల గుడ్డలు వరుసగా ఆరేసి ఉన్నాయి. అంచుల నుంచి నీళ్లు జారి కుండీల్లో పడుతున్నాయి. పడ్డ చుక్క పడ్డట్టే మన్నులోకి దిగిపోతోంది, పైన ఊక పొడిగానే ఉంది.

గేటుదాకా పరుగెత్తింది. రోడ్డు మీద బస్సు లేపిన దుమ్మే మిగిలింది. తిరిగి వచ్చి సారు గది ముందు నిలబడింది. లోపలినుంచి, “ఏమిటి?” అన్నాడు సారు.

“ఏం లేదు సారూ.”

గుడ్డలన్నీ తీసి దూరంగా కంచె మీద వేసింది. ఊక కుప్ప పక్కన సోమక్క చాట, సగం చెరిగిన ఊకతో, అట్లాగే ఉంది. గాలికి పొట్టు ఒక్కో పలుకే లేచిపోతోంది.