కామరాతికి వైద్యం నిషేధించిన తీర్మానం

మనిషి మనసును మార్చే వైద్యాన్ని మా ఊరి గ్రామసభ నిషేధించింది. ఔదార్యంతో చేసిన పని కాదది. బీరప్ప పెళ్లికి పెళ్లికూతురు దొరకక చేసిన పని. ఈ రెండింటికీ నడుమ ఉన్న కారణాలను వరుసగా చెప్పడం అవసరమని నాకు తోచింది. నకిరేకల్ సంతలో ఈ వృత్తాంతాన్ని తలకిందులుగా చెప్పుకుంటున్నారని విన్నాను.

మొదటి కారణం డోలు. కొన్నేళ్ల క్రితం మా ఊళ్లో ఈడు రాని పిల్లకు గుట్టుగా పెళ్లి చేయబోతే అధికారులు వచ్చి ఆపారు. ఊరి పరువు పోయింది. దానితో గ్రామసభ ఒక కట్టడి చేసుకుంది: వధూవరుల వయసుకు రుజువు చూపి పంచాయతీ కార్యదర్శి దగ్గర రసీదు తెచ్చుకుంటే తప్ప ఏ పెళ్లికీ డోలు మోగరాదు. డోలు మోగని పెళ్లిని గొర్రెలు కాసే మా కురుమలు పెళ్లిగా లెక్కించరు కనుక, ఆ కట్టడి చట్టంకంటే గట్టిగా పనిచేసింది.

రెండవ కారణం కొత్త కార్యదర్శి శోభ. ఆమె నియమాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటిస్తుంది. మా కురుమల దేవుడు బీరప్ప పండుగ దగ్గరపడి, డోలు కొట్టి ఆ దేవుడి కథ చెప్పే ఒగ్గు పూజారుల పెద్ద భిక్షపతి డోళ్లను ఎండలో పెట్టుకుంటుండగా వచ్చి నిలదీసింది.

“పెద్దయ్యా, పెండ్లి అంటున్నరు. రసీదేది?”

“బిడ్డా, గది బీరప్ప పెండ్లి. తాతల కాడికెంచి చేస్తున్నం.”

“కట్టడిల ఏ పెండ్లికైనా అని ఉన్నది. పిలగాని వయసెంత?”

“దేవునికి వయసుంటదా? గుళ్లెకు పోయి ఆయన్నే అడుగు.”

“సరే, పెండ్లిపిల్ల?”

“కామరాతి తల్లా? బీరమ్మ కొడుకు పరమేష్. ఇరవై ఆరు నడుస్తాంది. మీసం ఇయ్యాల్నే గీకిచ్చినం.”

బీరప్ప కథలో దేవుడు పెళ్లాడే కామరాతి వేషాన్ని మా ఊళ్లో మగవాళ్లే కడతారు. పరమేష్ ఆ వేషం కట్టి, తల వంచుకుని పుట్టింటి గడప దాటుతూ పాట అందుకున్నాడంటే, సొంత కూతుళ్లను పొడికళ్లతో సాగనంపిన ఆడవాళ్లు కూడా కొంగు తడుపుకునేవారు. శోభ కలం జేబులో పెట్టుకుని, పైవాళ్లను అడుగుతానని వెళ్లిపోయింది.

మూడవ కారణం ప్రేమ. గొర్రెల కాపరి అయిన బీరమ్మ అదే వారంలో కొడుక్కి ఒక సంబంధం తెచ్చింది. పరమేష్ దాచలేదు. తనకు పిల్ల వద్దని, తన మనసు పరశురాములు మీద ఉందని చెప్పేశాడు. పరశురాములు ఆలేరు నుంచి గొర్రెలు ఎక్కించుకుపోయే బండి నడుపుతాడు. ఎక్కించడానికి గొర్రె లేని రోజున కూడా ఆ బండి మా వాడలో నిలబడి ఉండేది. ఊరంతా గమనించిన ఆ సంగతిని బీరమ్మ ఒక్కతే గమనించలేదు.

ఆమె కూడు మానేసింది. అంతలో ఎవరో, ఇటువంటి పిల్లలను ‘మార్చి’ పంపేవాడు రోడ్డు మీద బోర్డు కట్టుకుని ఉన్నాడని చెప్పారు. వాడు వైద్యుడు కాడు. మెడలో వైద్యుడి గొట్టం మాత్రం ఉంది. కోక ముట్టరాదు, పాట పాడరాదు, పొద్దున్నే మీసానికి ఆవనూనె రాయాలి, మూడు నెలలు వాడి దగ్గరే గదిలో ఉండాలి. ఇదీ చికిత్స.

పరమేష్ నా దగ్గరికి వచ్చాడు. నేను పూర్వం కళాశాలలో తర్కశాస్త్రం బోధించినదాన్ని. ఊళ్లో కాగితాలు రాసిపెట్టేది నేనే.

“టీచరమ్మా, ఆని దగ్గరికి పోయినోడొకడు నవ్వుడు మర్సిపోయిండట. నేను పోకుంటే అమ్మ ముద్ద ముడ్తలేదు. ఏం జెయ్యాలె?”

సమాధానం భిక్షపతి అవసరం రూపంలో వచ్చింది.

పరమేష్ వెళ్లిపోతే కామరాతి ఎవరు? భిక్షపతి ఒగ్గు మేళంలోని కుర్రాడు శ్రవణ్‌కుమార్‌కు కోక చుట్టి గొర్రెల దొడ్డి పక్కన నడిపించి చూశాడు.

“అత్తగారింటికి పోతున్నవ్‌రా, యూరియా బస్త మోస్తలేవు! నడుం జర వంచు!”

“వంగుతలేదు, మామా.”

“పోనీ ఏడువు.”

శ్రవణ్‌కుమార్ ఏడ్చాడు. దొడ్డిలోని గొర్రెలు కంప దూకి పారిపోయాయి. వాటిని మళ్లించుకు రావడానికి సాయంత్రమైంది. మర్నాడే భిక్షపతి గ్రామసభ పెట్టించాడు.

సభలో నేను ఉన్న విషయం ఉన్నట్టు చెప్పాను. ఇటువంటి మార్పిడి వైద్యం చేయడం వృత్తిధర్మానికి విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. అయితే ఆ మాట వైద్యులకు వర్తిస్తుంది. గొట్టం తగిలించుకున్నవాడు వైద్యుడు కాడు కనుక తనకు వర్తించదంటాడు. కాబట్టి ఊరే ఒక కట్టడి చేసుకోవాలి: మనిషి మనసు ఎవరి మీద ఉందో దాన్ని మార్చడానికి మా ఊరి నుంచి ఎవరినీ ఏ వైద్యానికీ పంపరాదు.

కల్లుకు తప్ప మరిదేనికీ నోరు తెరవని ఎల్లేశం లేచాడు. “గట్లయితే నా మనసు కల్లు మీద ఉన్నది. మా ఇంటిది మార్వద్దు!”

“మనుషుల మీద మనసు ముచ్చటరా, ముంత మీద కాదు. కూసో!” అంది అతని భార్య ఉప్పలమ్మ. ఆ వివరణను నేను తీర్మానంలో చేర్చాను.

అప్పుడు బీరమ్మ లేచింది.

“దేవుని పెండ్లి ఏటేటా చేస్తరు. నా కొడుకు పెండ్లి ఎవలు చేస్తరు? ఓ శోభమ్మా, ఆన్ని మార్వకుంటే, ఆనికీ ఆ బండి పోరనికీ రసీదు రాస్తవా?”

శోభ తల దించుకుంది. “నాకు అధికారం లేదమ్మా. గది పార్లమెంటు చేసే పనని పెద్ద కోర్టే చెప్పింది.”

“మల్ల? మార్వద్దని ఒక కట్టడి, పెండ్లి చెయ్యరాదని ఒక కట్టడి. నా వాకిట్ల డోలు మోగేది ఎన్నడు?”

ముప్పై ఏళ్లు తర్కం బోధించిన నాకు ఆ ప్రశ్నలో దోషం కనిపించలేదు. ఆమె భయం కొడుకు మనసు గురించి కాదనీ, తన వాకిలి మూగబోతుందనేననీ అప్పుడు అర్థమైంది.

భిక్షపతి గొంతు సవరించుకున్నాడు. “వదినే, బీరప్ప పెండ్లికి సుత రసీదు లేదు గదా. గా దినం డోలుకు రసీదు అడగొద్దని రాస్తే ఒడిసిపాయె. ఈ ఏడు ఎదురుకోళ్లు నీ వాకిట్ల. కామరాతి నీ ఇంట్లకెంచే ఎల్తది. డోలు నీ గడప ముందల మోగుతది. పక్కకు ఎవలు నిలవడ్డరో మేము సూడం.”

దేవుళ్లకు వయసు రుజువు అడిగే బాధ తనకూ తప్పుతుందని శోభ ఒప్పుకుంది. నేను తీర్మానంలో రెండో వాక్యం రాశాను. సభ ఆమోదించింది.

బీరమ్మ మాత్రం కూర్చోలేదు. కొడుకు వైపు తిరిగింది.

“ఆ పోరనికి గొర్లెన్ని?”

“లేవమ్మా. బండి నడుపుతడు.”

“బండి ఆనిదేనా?”

పరమేష్ నేల చూపులు చూశాడు. “కిరాయిదమ్మా.”

“కిరాయి బండోన్నా తెచ్చినవ్‌రా నా ఇంటికి! గిన్ని దినాలు గందుకే దాచినవా?” అని ఆమె సభ మధ్యలో నెత్తి కొట్టుకుంది. అంతవరకు తన కొడుకు ఏమైపోతాడో అని ఏడ్చిన మనిషి, ఆ క్షణం నుంచి అల్లుడు ఎటువంటివాడు దొరికాడో అని ఏడవడం మొదలుపెట్టింది. అదే రోజు ఇంటికి వెళ్లి గంజి తాగింది. గొట్టంవాడి దగ్గరికి ఎవరూ వెళ్లలేదు.

పండుగనాడు కామరాతి బీరమ్మ గడప దాటింది. డోళ్లు వాకిలి అదిరేలా మోగాయి. ఆడవాళ్లు యథాప్రకారం కొంగులు తడుపుకున్నారు. శోభ రసీదు పుస్తకాన్ని ఆఫీసులోనే వదిలి, అందరితోపాటు ఏడ్చింది. దేవుడి గొడుగు పట్టుకోవడానికి మనిషి తక్కువయ్యాడని భిక్షపతి పరశురాములును పిలిచి కామరాతి పక్కన నిలబెట్టాడు. గొడుగు పట్టడానికి ఊళ్లో మనుషులు తక్కువైన ఏడాది నాకు గుర్తు లేదు.

తలంబ్రాల వేళ బీరమ్మ బియ్యం దోసిట పట్టి దేవుడి మీద వేసింది. సగం మిగుల్చుకుని కొడుకు వైపు నడిచింది. గొడుగు కింద పరశురాములు బిగుసుకుపోయి నిలబడ్డాడు.

“ఏందిరో, గుంజ లెక్క నిలవడ్డవ్,” అంది బీరమ్మ. “తల వంచు. బియ్యం కండ్లల్ల వడ్తే రేపు బండెట్ల నడుపుతవ్? కిరాయి నీ అయ్య కడ్తడా?”

అతడు తల వంచాడు.